పసుపు జెర్సీకి ఇప్పుడు ఏ ఊరు?

ఈ సంక్రాంతికి దుమ్ముగూడెం వెళ్ళినప్పుడు మా పిన్ని కొడుకు గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"అన్నా, మన టీం మ్యాచ్ ఎప్పుడు?"

వాడు తొమ్మిదో తరగతి. గురుకులం హాస్టల్లో ఉంటాడు. ఫోన్ సెలవుల్లోనే చేతికొస్తుంది కాబట్టి వార్తలన్నీ వాడికి కాస్త ఆలస్యంగా చేరతాయి. నేను బ్యాగ్ కింద పెట్టి చెప్పాను.

"మన టీం లేదురా ఇప్పుడు."

"ఏం, ఓడిపోయిందా?"

"ఓడిపోలేదు. వెళ్ళిపోయింది. ఢిల్లీకి."

కాసేపు ఆలోచించాడు. మా ఊళ్ళో వెళ్ళిపోవడమంటే మిర్చి కోతలకో, చదువుకో, ఉద్యోగానికో వెళ్ళడం. పండక్కి ఎలాగూ తిరిగొస్తారు. అందుకే వాడు మామూలుగా అడిగాడు: "మరి మళ్ళీ ఎప్పుడొస్తది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పండగ మూడు రోజులూ ఆలోచించినా దొరకలేదు. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో విషయం. హైదరాబాద్ ఎఫ్‌సీ అని మనకో ఫుట్‌బాల్ క్లబ్ ఉండేది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడేది. పసుపు, నలుపు జెర్సీ. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. 2022లో దేశంలోకెల్లా పెద్ద లీగ్‌లో కప్పు కొట్టింది. 2025 అక్టోబర్‌లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి 'స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ' అయింది. పేరు మారింది, రంగు మారింది, ఊరు మారింది. ఆరు సీజన్ల ముచ్చట అలా ముగిసింది.

ఇద్దరం ఒకే ఏడాది వచ్చాం

నేను బీటెక్ అయిపోయి హైదరాబాద్ బస్సెక్కింది 2019 ఎండాకాలం చివర్లో. భద్రాచలం నుంచి రాత్రంతా ప్రయాణం. పొద్దున్నే దిగి గచ్చిబౌలిలో ఓ హాస్టల్లో మంచం వెతుక్కున్నా. ఆ ఏడాదే ఆగస్టు 27న హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. నగరానికి ఇద్దరమూ కొత్తే. ఇద్దరికీ ఎవరూ తెలీదు.

మొదటి మ్యాచ్ అక్టోబర్ 25న, కోల్‌కతాలో ఏటీకే మీద. 5-0తో చిత్తుగా ఓడిపోయాం. హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూశా. నాకు అదే వారం ఆఫీసులో మొదటి కోడ్ రివ్యూ జరిగింది. స్కోరు దాదాపు అంతే. అప్పుడే అనిపించింది, వీళ్ళు నా వాళ్ళేనని.

నవంబర్ 2న సొంతగడ్డ మీద మొదటి మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్‌తో. హాస్టల్ నుంచి నడిచి వెళ్ళిపోయా. స్టేడియంలో మనకంటే మలయాళీలే ఎక్కువ ఉన్నట్టనిపించింది. పైగా వాళ్ళదీ పసుపు రంగే. రాహుల్ కేపీ అనే కుర్రాడు మన మీద ముందు గోల్ కొట్టేశాడు. విరామం తర్వాత స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. ఇక పది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మార్సెలీనో ఓ ఫ్రీకిక్ కొట్టాడు. బంతి గోడలా నిలబడ్డ వాళ్ళని దాటుకుని వలలో పడింది. 2-1. పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషి నన్ను ఎత్తి తిప్పేశాడు. హైదరాబాద్ వచ్చాక నన్ను ఎవరైనా కావలించుకోవడం అదే మొదటిసారి.

ఆ సీజన్‌లో ఆ తర్వాత చెప్పుకోడానికేం లేదు. 18 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, 10 పాయింట్లు, పది జట్లలో పదో స్థానం. జనవరిలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ని పంపేశారు. చివరి మ్యాచ్‌లో నార్త్ఈస్ట్‌ని 5-1తో కొట్టారు. పరీక్షంతా తప్పి ఆఖరి ప్రశ్నకి పూర్తి మార్కులు తెచ్చుకున్నట్టు.

సిగ్నల్ కోసం గట్టెక్కిన సీజన్

తర్వాత కరోనా. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని అందరిలాగే నేనూ ఊరు చేరాను. అక్కడ రెండు సీజన్లు చూశాను, అవే మా క్లబ్‌కి బంగారు రోజులు.

మా ఊరు మీకు తెలియకపోవచ్చు. భద్రాచలం నుంచి చర్ల రోడ్డులో గోదారి వెంట పైకి వెళ్తే వస్తుంది. పర్ణశాల మా మండలంలోదే. బ్రిటిష్ వాళ్ళ కాలంలో నది మీద కట్టిన పాత ఆనకట్ట ఉంది. అటువైపు అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. ఊళ్ళలో ఆటంటే వాలీబాల్, కబడ్డీ, కుర్రాళ్ళకి క్రికెట్. ఫుట్‌బాల్ ఎవరికీ పట్టదు. ఎండాకాలంలో గోదారి సన్నబడి ఇసుక తేలాక మాత్రం ఆట అదే మారిపోతుంది. ఇసుకలో క్రికెట్ బంతి లేవదు. తన్నుకునే బంతే గతి. మా తమ్ముడు గోల్‌కీపర్ అయింది అక్కడే. ఇసుకలో ఎటు దూకినా దెబ్బ తగలదు కదా!

మ్యాచ్ చూడాలంటే ఇంట్లో సిగ్నల్ ఆగేది కాదు. గట్టు మీదికి వెళ్తే నాలుగు గీతలు కనిపించేవి. సాయంత్రం ఏడున్నరకి నేనూ, వాడూ, దోమలూ.

అప్పుడొచ్చాడు మనోలో మార్కెజ్. నిజానికి క్లబ్ ముందు ఒప్పుకున్నది ఆల్బర్ట్ రోకాని. ఆయన్ని బార్సెలోనా పిలిచింది, వెళ్ళిపోయాడు. సీజన్ ముంగిట హడావిడిగా దొరికిన మనిషి మనోలో. స్పెయిన్ వాడు. చేతిలో పెద్ద పేర్లు లేవు. ఉన్నవాళ్ళల్లో కుర్రాళ్ళని ఏరాడు. ఎడమ వైపు ఆకాశ్ మిశ్రా, కుడి వైపు ఆశిష్ రాయ్, మధ్యలో హితేశ్ శర్మ, ముందు లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్. లీగ్‌లో చాలామందికి పెద్దగా తెలియని పేర్లు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఫ్రెషర్లని నేరుగా ప్రొడక్షన్‌లోకి దింపేశాడు. తప్పు చేస్తే తిట్టి బయట కూర్చోబెట్టలేదు, మళ్ళీ మర్నాడు ఆడించాడు. నేనప్పుడు ఏడాది అనుభవమున్న జూనియర్‌ని. ఇలాంటి మేనేజర్ నాకెందుకు దొరకలేదా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

2020-21లో 20 మ్యాచ్‌లకి మూడే ఓటములు. కానీ 11 డ్రాలు. 29 పాయింట్లతో ఐదో స్థానం. చివరి మ్యాచ్‌లో గోవా మీద గెలిస్తే ప్లేఆఫ్, 0-0తో సరిపెట్టుకున్నారు. గట్టు దిగి వస్తుంటే మా తమ్ముడు అన్నాడు, "ఓడిపోలేదు కదన్నా, మరి ఎందుకు బయటికి పోయినం?" ఫుట్‌బాల్ పాఠాల్లో అదే అన్నింటికంటే కష్టమైనది. ఓడిపోకుండా కూడా బయటికి పోవచ్చు. అప్పట్లో దాని అర్థం నాకూ పూర్తిగా తెలీదు.

2022 మార్చి 20

తర్వాతి సీజన్‌కి ఓగ్బెచే వచ్చాడు. నైజీరియా తరఫున 17 ఏళ్ళకే 2002 ప్రపంచ కప్ ఆడిన మనిషి. మన దగ్గరికి వచ్చేసరికి 37కి దగ్గర. పరుగు తగ్గింది, కానీ బంతి ఎక్కడికొస్తుందో ముందే వెళ్ళి నిలబడేవాడు. మా ఊళ్ళో పాత జాలరులు అంతే. వల ఊరికే విసరరు. నీళ్ళని చూసి, ఆగి, ఒక్కసారే వేస్తారు. ఓగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలిచాడు. జట్టు 38 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌ని రెండు మ్యాచ్‌ల్లో కలిపి 3-2తో దాటింది.

ఫైనల్ ఆదివారం. గోవా ఫటోర్డా స్టేడియం. మళ్ళీ కేరళ బ్లాస్టర్సే. రెండేళ్ళు ఖాళీ స్టాండ్స్ చూసిన కళ్ళకి ఆ రోజు జనం కనిపించారు. స్టేడియమంతా పసుపే, కాకపోతే చాలామటుకు కేరళ పసుపు.

ఆ రాత్రి గట్టు మీదికి వెళ్ళలేదు. నాన్న చూస్తానన్నాడు కాబట్టి అరుగు మీదే ఫోన్‌ని చెంబుకి ఆనించి పెట్టాం. అమ్మ వచ్చి కాసేపు చూసి అడిగింది, "వీళ్ళల్లో మనోళ్ళు ఎవర్రా?"

నేను తడబడ్డాను. ఆ పదకొండు మందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు. మణిపూర్, సిక్కిం, ఉత్తరప్రదేశ్, బెంగాల్, మహారాష్ట్ర, గోవా, ఆపైన బ్రెజిల్, స్పెయిన్, నైజీరియా. "అందరూ మనోళ్ళేనమ్మా" అన్నాను. అమ్మ నమ్మలేదు. కానీ లేచి వెళ్ళలేదు కూడా.

68వ నిమిషంలో రాహుల్ కేపీ కొట్టాడు. అవును, ఆ కుర్రాడే! మా మొదటి హోం మ్యాచ్‌లో గోల్ కొట్టినవాడు. నాన్న లేచి పశువుల దగ్గరికి వెళ్ళొచ్చాడు. 88వ నిమిషం. బాక్స్ బయట సాహిల్ తవోరా, అప్పటికి కొద్దిసేపటి క్రితమే సబ్‌స్టిట్యూట్‌గా దిగినవాడు, బంతిని కింద పడనివ్వకుండా తన్నాడు. 1-1. మా తమ్ముడి కేకకి కుక్కలు లేచాయి.

పెనాల్టీలు. లక్ష్మీకాంత్ కట్టిమణి, గోవా వాడు, 32 ఏళ్ళు. అప్పటిదాకా ఎవరూ పోస్టర్ మీద వెయ్యని గోల్‌కీపర్. మూడు ఆపాడు. లెస్కోవిచ్‌ది, నిశు కుమార్‌ది, జీక్సన్ సింగ్‌ది. మన వాళ్ళల్లో సివేరియో ఒక్కడే తప్పాడు. చివరి కిక్ హలిచరణ్ నర్జారీది. కొట్టేశాడు. 3-1. హైదరాబాద్ ఛాంపియన్.

నర్జారీ గురించి నాన్నకి చెప్పాను. అస్సాంలో కోక్రాఝార్ వైపు వాడు, బోడో కుర్రాడు అని. "అంటే ఆళ్ళది కూడా మనలాగ అడవి పక్క ఊరేనా?" అన్నాడు నాన్న. ఆ తర్వాత ఆయనకి గుర్తున్న ఫుట్‌బాల్ ఆటగాడు ఆ ఒక్కడే. పేరు గుర్తుండదు. "ఆ చివర్న తన్నిన పిల్లోడు ఎట్ట ఉన్నడు?" అని ఇప్పటికీ అడుగుతాడు.

ఆ ఏడాదే జులైలో గోదారి వచ్చింది. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. 1986 తర్వాత అంత నీళ్ళు మేం చూడలేదు. నేనప్పటికి మళ్ళీ హైదరాబాద్‌లో ఉన్నా. ఫోన్లు కలవలేదు. కలిశాక తెలిసింది, అమ్మావాళ్ళు ఒక రాత్రిలో సర్దుకుని మిట్ట మీది బంధువుల ఇంటికి చేరారు. పాస్‌బుక్కులు, నా సర్టిఫికెట్లు, పట్టుచీర, వాటితో పాటు కవర్లో చుట్టిన నా పసుపు జెర్సీ. "నువ్వు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వవు గదా, విలువైందేమో అనుకున్నా" అంది అమ్మ. నేనేమీ అనలేకపోయాను.

ఒక్కొక్కరుగా

2022-23లో స్టేడియంలో మ్యాచ్‌లు చూశాం. డెక్కన్ లెజియన్ కుర్రాళ్ళు డప్పులతో నిలబడే స్టాండ్ వైపు నేనూ వెళ్ళేవాణ్ణి. గొంతు పోయేది, మర్నాడు స్టాండప్ మీటింగ్‌లో సైగలతో నెట్టుకొచ్చేవాణ్ణి. 42 పాయింట్లు, మళ్ళీ రెండో స్థానం. సెమీఫైనల్లో రెండు మ్యాచ్‌లూ 0-0. పెనాల్టీల్లో ఏటీకే మోహన్ బగాన్ 4-3తో గెలిచింది. సీజన్ తర్వాత మనోలో గోవాకి వెళ్ళిపోయాడు.

2023 మే 3న ఓ సంగతి జరిగింది. ఆ రోజు మా డిఫెండర్ చింగ్లెన్‌సనా సింగ్ కోజికోడ్‌లో మ్యాచ్ ఆడుతున్నాడు. మణిపూర్‌లో అతని సొంత ఊరు చురాచాంద్‌పూర్‌లో అదే రోజు అల్లర్లు చెలరేగాయి. ఆట ముగించుకుని ఫోన్ చూసేసరికి ఇంటి నుంచి బోలెడు మిస్డ్ కాల్స్. ఇల్లు కాలిపోయింది. ఊరి పిల్లల కోసం కట్టించిన ఫుట్‌బాల్ మైదానమూ పోయింది. కుటుంబం ప్రాణాలతో బయటపడింది. తొంభై నిమిషాలు మనం వీళ్ళ మీద అరుస్తాం, తిడతాం. వాళ్ళకీ ఓ ఊరుంటుందని ఆ రోజే నాకు గట్టిగా తగిలింది.

ఆ తర్వాతి సీజన్ గురించి రాయడానికి చెయ్యి రావట్లేదు. క్లబ్‌కి డబ్బు కటకట. జీతాలు అందట్లేదని వార్తలు. కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధం. విదేశీయులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కప్పు ఎత్తిన కెప్టెన్ జోవావో విక్టర్ ఒక్కడే మిగిలాడు. చింగ్లెన్‌సనా, పూజారీ బెంగళూరుకి, యాసిర్ గోవాకి. ఆకాశ్ మిశ్రా అంతకుముందే ముంబైకి. తంగ్బోయ్ సింగ్టో మిగిలిన కుర్రాళ్ళని పోగేసి 22 మ్యాచ్‌లు ఆడించాడు. ఒకే ఒక్క గెలుపు, మార్చిలో చెన్నైలో 1-0. 8 పాయింట్లు. ఆఖరి స్థానం. రెండేళ్ళ కిందట ఛాంపియన్లం!

నిజం చెప్పనా? ఆ సీజన్ జట్టే నాకు అన్నింటికంటే ఇష్టం. గెలిచే జట్టుకి ఎవరైనా చప్పట్లు కొడతారు. ఓడిపోతామని తెలిసి, జీతం వస్తుందో రాదో తెలియక, వారం వారం బూట్లు కట్టుకున్న ఆ ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి ఎవరు కొడతారు? స్టేడియంలో ఆ రోజుల్లో మేం కొద్దిమందిమే. కొట్టాం.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని కొనుక్కుంది. ఊపిరి పీల్చుకున్నాం. మొహమ్మదన్ మీద కోల్‌కతాలో 4-0, కొచ్చిలో కేరళ మీద 2-1. డిసెంబర్‌లో సింగ్టో వెళ్ళాక షమీల్ చెంబకత్ పగ్గాలందుకున్నాడు. 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నాం.

2025 మార్చి 12, గచ్చిబౌలి, సీజన్‌లో ఆఖరి మ్యాచ్. ఎదురుగా ఎవరో చెప్పండి? కేరళ బ్లాస్టర్సే. వాళ్ళు ముందు కొట్టారు. విరామానికి ముందు మన సౌరవ్ వెనక్కి పల్టీ కొడుతూ బైసికిల్ కిక్‌తో సమం చేశాడు. 1-1. మొదటి హోం మ్యాచ్‌కి వాళ్ళే వచ్చారు, కప్పు గెలిచిన రోజూ వాళ్ళే, ఆఖరి మ్యాచ్‌కీ వాళ్ళే. పుట్టుకకీ, పెళ్ళికీ, చావుకీ వచ్చిన చుట్టంలా. ఆ రాత్రి ట్రాఫిక్ తప్పించుకుందామని చివరి రెండు నిమిషాలు ఉండగానే బయటికొచ్చేశా. ఆఖరిసారి అని తెలిస్తే కదిలేవాణ్ణి కాదు.

పుణె కుర్రాడికి నేను బాకీ

అక్టోబర్‌లో వార్త తెలిసిన రోజు చాలా కోపమొచ్చింది. ఫ్యాన్స్‌ని ఒక్క మాట అడిగారా అని గ్రూపుల్లో రాశాను. అప్పుడొకడు తాపీగా పెట్టాడు: "2019లో పుణె వాళ్ళని మనం అడిగామా?"

నోరు పడిపోయింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ గాల్లోంచి పుట్టలేదు. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, లీగ్‌లో దాని స్థానం మనకొచ్చింది. మార్సెలీనో, స్టాంకోవిచ్ అంతకుముందు సీజన్ పుణెకి ఆడినవాళ్ళే. నన్ను ముక్కూముఖం తెలియని మనిషి ఎత్తి తిప్పిన ఆ రాత్రి, పుణెలో ఎవడో కుర్రాడు తన పాత జెర్సీ మడతపెట్టుకుంటూ ఆ ఫ్రీకిక్ చూసి ఉంటాడు. నాకు ఒక్క క్షణం కూడా వాడు గుర్తు రాలేదు.

ఇంకా ఉంది. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ క్లబ్ భువనేశ్వర్‌కి తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఇప్పుడు మన క్లబ్ అందుకున్న ఢిల్లీ వాళ్ళు, ఆరేళ్ళ కిందట సరిగ్గా మనలాగే పోగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళ మీద కోప్పడటానికి నాకేం హక్కుంది? పుణె పోగొట్టుకుంటే హైదరాబాద్‌కి, ఢిల్లీ పోగొట్టుకుంటే భువనేశ్వర్‌కి, హైదరాబాద్ పోగొట్టుకుంటే ఢిల్లీకి. తప్పు ఏ ఊరి అభిమానిదీ కాదు. లీగ్ అలా కట్టారు. క్లబ్ అంటే ఓ లైసెన్స్. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ ఊరు.

చిరునామా మారడం మా వైపు వాళ్ళకి కొత్తేం కాదు. దుమ్ముగూడెం ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఖమ్మం అయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, ఊరు దాటగానే ఎటపాక ఆంధ్రలో ఉంది. 2014లో పోలవరం కోసం ఆ మండలాలు అటు వెళ్ళాయి. మా తాత ఇల్లు కదలకుండానే రెండు జిల్లాలు చూశాడు. కానీ ఒక తేడా ఉంది. జిల్లా మారినప్పుడు బోర్డు మారింది, నేలా మనుషులూ అక్కడే ఉన్నారు. క్లబ్ విషయంలో బోర్డూ, లైసెన్సూ వెళ్ళిపోయాయి, మనుషులు మిగిలిపోయారు. మరి ఇందులో అసలు క్లబ్ ఏది? వెళ్ళినదా, మిగిలినదా?

వింబుల్డన్ వాళ్ళు ఏం చేశారంటే

ఈ ప్రశ్న ఇంగ్లండ్‌లో ఒకసారి వచ్చింది. లండన్‌లో వింబుల్డన్ ఎఫ్‌సీ అనే పాత క్లబ్ ఉండేది. 1988లో ఎఫ్‌ఏ కప్ గెలిచింది. 2002లో ఆ క్లబ్ తొంభై కిలోమీటర్ల దూరాన ఉన్న మిల్టన్ కీన్స్‌కి మారడానికి అనుమతి ఇచ్చేశారు. అభిమానులు అరిచారు, ఎవరూ వినలేదు. అప్పుడు వాళ్ళు మైదానంలో ట్రయల్స్ పెట్టి, ఆడటానికి వచ్చిన కుర్రాళ్ళని ఏరుకుని, సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టేశారు. తొమ్మిదో మెట్టు లీగ్ నుంచి మొదలెట్టి, 2011కల్లా ఇంగ్లండ్ ప్రొఫెషనల్ లీగ్‌లోకి వచ్చేశారు. 2020లో పాత స్టేడియం ఉన్న పేట ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియంలో అడుగు పెట్టారు. మిల్టన్ కీన్స్ క్లబ్ 2007లో పాత ట్రోఫీల మీద హక్కు వదులుకుని, వాటిని వింబుల్డన్ ప్రాంతానికే అప్పజెప్పింది.

మనం అలా చెయ్యగలమా? వెంటనే కాదు. అక్కడ కింది నుంచి పైదాకా మెట్లున్నాయి, ఎక్కితే పైకి రావచ్చు. మన దగ్గర ఆ మెట్లు ఇంకా పూర్తిగా పడలేదు. పైనున్న లీగ్ పరిస్థితే చూశాంగా. ఫెడరేషన్‌కీ, లీగ్ నడిపే సంస్థకీ ఒప్పందం 2025 డిసెంబర్‌తో ముగిసిపోయి, ఈ సీజన్ ఫిబ్రవరి 14 దాకా మొదలే కాలేదు. కానీ ఒక్క విషయం మాత్రం వింబుల్డన్ నుంచి నేర్చుకోవచ్చు. 2022 కప్పు ఢిల్లీది కాదు. అది గచ్చిబౌలిది. మా అరుగుది, చెంబుకి ఆనించిన ఆ ఫోన్‌ది.

మన బంతి పాతది

"హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవడు చూస్తాడ్రా" అని ఆఫీసులో అంటుంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఇదే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. డ్యురాండ్ కప్ నాలుగుసార్లు. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బడి పంతులు. ఆయన శిక్షణలోనే ఇండియా 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఆడాడు. 1962 బంగారం గెలిచేనాటికే రహీంకి క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి కథ తెలుసు.

అంటే 2019లో ఏదో కంపెనీ వచ్చి మనకి ఫుట్‌బాల్ నేర్పలేదు. 2025లో ఇంకో కంపెనీ వెళ్ళిపోతే ఆట వెంట పోదు. రహీం పేరు మీదే నగరంలో లీగ్ జరుగుతుంది. శ్రీనిధి డెక్కన్ అనే క్లబ్ అజీజ్‌నగర్‌లో సొంత మైదానంతో ఉంది. 2022-23, 2023-24 రెండేళ్ళూ ఐ-లీగ్‌లో రెండో స్థానం. మనలో ఎంతమంది వెళ్ళి చూశాం? నేను ఒక్కసారి. పెద్ద లీగ్ మోజులో పక్కనున్నది కనిపించలేదు. ఆ తప్పు నాదే.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఇండియా జెర్సీ వేసుకుని ఆడుతోంది. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కి ఆడొచ్చింది. 2025లో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ని వాళ్ళ దేశంలోనే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించారు. అమ్మ మళ్ళీ "మనోళ్ళు ఎవర్రా" అని అడిగితే ఇక నేను తడబడను.

అయినా ఒక లోటు మాత్రం నిజం. పెద్ద క్లబ్ ఉంటే దాని వెనక కుర్రాళ్ళ జట్లుంటాయి, ట్రయల్స్ ఉంటాయి, చూసే కళ్ళుంటాయి. దుమ్ముగూడెం ఇసుకలో దూకే ఓ గోల్‌కీపర్ కోక్రాఝార్ నర్జారీలా పెద్ద మ్యాచ్‌లో నిలబడాలంటే, మూడొందల కిలోమీటర్ల దూరంలో ఓ తలుపన్నా ఉండాలి. ఇప్పుడు ఆ తలుపు ఢిల్లీకి జరిగింది. అభిమానిగా నాకు పోయింది శనివారం సాయంత్రాలు. వాడికి పోయింది అంతకంటే ఎక్కువ.

కనుమ మర్నాడు

నేను తిరిగి బయల్దేరే ముందు వాడు మళ్ళీ వచ్చాడు. ఇంకా గోదారి పూర్తిగా తగ్గలేదు, ఆనకట్ట కింద ఇసుక కొద్దిగానే తేలింది. అయినా నలుగురు పిల్లలు బంతితో దిగారు.

"అన్నా, అయితే మనం ఇప్పుడు ఢిల్లీకి సపోర్టా?"

"నాకు తెలీదురా. వాళ్ళని తిట్టను. చప్పట్లు కొట్టడానికి చెయ్యి లేవట్లేదు."

"మరి ఎవరికి?"

ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ రమ్మన్నాను. అజీజ్‌నగర్ చూపిస్తానన్నాను. రహీం లీగ్ మ్యాచ్‌లకి తీసుకెళ్తానన్నాను. ట్రయల్స్ ఎక్కడ పెట్టినా కనుక్కుంటానని కూడా చెప్పాను. ఆ చివరి మాట నిలబెట్టుకోవాల్సిన బాకీ కాబట్టి ఇక్కడ అందరి ముందూ రాస్తున్నా.

అమ్మ బీరువాలోంచి ఆ కవర్ తీసింది. వరద దాటిన జెర్సీ. నాకు ఎలాగూ పొట్ట దగ్గర బిగుతైపోయింది. వాడికేమో మోకాళ్ళ దాకా వచ్చింది.

వేసుకుని ఇసుకలోకి పరిగెత్తాడు. ఎవడో గట్టిగా తన్నాడు, వీడు కుడివైపు దూకాడు. బంతి వేళ్ళకి తగిలి నీళ్ళలో పడింది. పసుపు జెర్సీ అంతా ఇసుక. లేచి దులుపుకోకుండానే బంతి కోసం నీళ్ళలోకి దిగాడు.

అరుగు మీంచి నాన్న చూస్తున్నాడు. "ఆపిండా?" అని అడిగాడు.

ఆపాడు నాన్నా.